డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ

నొప్పికి వెరవని మానవుడు లోకమున అరుదు. యుద్ధరంగమున శత్రువుల నెదిరించిన వీరుడు సైతము పంటిపోటు వచ్చినపుడు పసిబిడ్డవలె తల్లడిల్లును. వ్యాధి కలిగించు బాధ కొంత, చికిత్సను తలచుకొనుటవలన కలుగు బాధ మరికొంత. మొదటిదానికి మందు కలదు. రెండవదానికి మందు కనుగొనుట అంత సులభము కాదు. వైద్యుని చేతిలోని పనిముట్టును చూచి వణకు రోగికి ధైర్యము కలిగించి, నొప్పి తెలియకుండ నిద్రపుచ్చి, మరల క్షేమముగా మేల్కొలుపుటయే తన జీవితకార్యముగా గైకొనిన విదుషీమణి డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ. ఆమె హైదరాబాదు నగరమున విద్య నేర్చి, ఆ నగరముననే చిరకాలము సేవచేసెను. ప్రపంచమున మత్తువైద్యమును వృత్తిగా చేపట్టిన తొలి మహిళ ఆమెయే అని పలువురు చరిత్రకారులు పేర్కొనుచున్నారు.

రూపాబాయి చేసిన సేవ యెంతటిదో తెలియవలెనన్న, ఆమెకు పూర్వము రోగుల స్థితి యెట్లుండెనో తెలిసికొనవలెను. ఆ కాలమున పన్ను పీకుట యనగా గొప్ప గండము. మన పల్లెలలో లవంగమును పంటి క్రింద నొక్కిపెట్టి నొప్పిని ఓర్చుకొనువారు. అది తగ్గనిచో మంగలి వచ్చి పటకారుతో పంటిని లాగివేయును. ఇద్దరు బలవంతులు రోగి చేతులను, తలను పట్టుకొనవలసి యుండెను. విదేశములలోను పరిస్థితి ఇంతకంటె మెరుగుగా లేదు. అచట రోగికి సారాయి త్రాగించి, కుర్చీకి కట్టివేసి శస్త్రచికిత్స చేయుచుండిరి. రోగి కేకలు వీధిలోనివారికి వినబడుచుండెను. ఆ కేకలు విన్నవారికి తమ వంతు వచ్చునాటికి భయము ఇనుమడించుచుండెను. పెక్కుమంది నెలల తరబడి నొప్పిని భరించి, చివరకు దవడ వాచి, చీము పట్టి, ప్రాణముమీదికి వచ్చినపుడు మాత్రమే వైద్యుని ఆశ్రయించుచుండిరి. ఆ విధముగా భయమే వ్యాధిని పెంచి పోషించుచుండెను.

ఈ దుఃస్థితిని తొలగింప ప్రయత్నించినవారిలో దంతవైద్యులే అగ్రగణ్యులగుట విశేషము. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నవ్వు పుట్టించు వాయువును పీల్చినవారికి దెబ్బ తగిలినను నొప్పి తెలియకుండుట గమనించెను. మరుసటి దినమున, అనగా 1844 డిసెంబరు 11వ తేదీన, అతడు తానే ఆ వాయువును పీల్చి, తన పంటిని తోటి వైద్యునిచేత పీకించుకొనెను. అతనికి నొప్పి తెలియలేదు. కాని కొన్ని వారముల పిదప బోస్టను నగరమున విద్యార్థుల యెదుట అతడు చేసిన ప్రదర్శన విఫలమయ్యెను. రోగి మూలిగినందున చూచువారు వెల్సును హేళన చేసిరి. 1846 అక్టోబరు 16వ తేదీన మోర్టను అను మరియొక దంతవైద్యుడు అదే నగరమున ఈథరును ప్రయోగించి, రోగికి నొప్పి తెలియకుండ మెడపై గడ్డకు శస్త్రచికిత్స జరుగునట్లు చేసెను. మరుసటి సంవత్సరమున స్కాట్లండులోని ఎడింబరో నగరమున సింప్సను పండితుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను.

క్లోరోఫారము తియ్యని వాసన గల ద్రవము. కొలది బొట్లు గుడ్డపై వేసి ముక్కు దగ్గర నుంచినచో రోగి త్వరగా నిద్రించును. ఈథరువలె ఇది సులభముగా మండదు. కావున లోకమంతటను దీనికి ఆదరము కలిగెను. కాని ఈ వరము వెంట ఒక శాపము కూడ వచ్చెను. 1848 జనవరి నెలలో ఇంగ్లండులో హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, కొలది నిమిషములలో మరణించెను. పిదప ఇట్టి మరణములు పలుచోట్ల జరిగెను. పెద్ద శస్త్రచికిత్సలలోనే కాక, పన్ను పీకుటవంటి చిన్న పనులలో సైతము ఆరోగ్యవంతులు హఠాత్తుగా ప్రాణములు విడిచిరి. నొప్పిని తప్పించుకొన వచ్చినవారికి ఇపుడు క్రొత్త భయము పట్టుకొనెను. నిద్రించినచో మరల మేల్కొందునా, లేదా యని ప్రతి రోగియు సందేహింపసాగెను.

ఈ మరణములకు కారణమేమి? ఈ ప్రశ్నకు వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. క్లోరోఫారము గుండెను ఆపివేయునని లండను వైద్యులలో పలువురు చెప్పిరి. మందు మితిమీరినపుడు మొదట శ్వాస ఆగునని, శ్వాసను జాగ్రత్తగా కనిపెట్టియున్నచో ప్రమాదము లేదని ఎడింబరో వైద్యులు వాదించిరి. ఈ వివాదము నలువది సంవత్సరములు తెగలేదు. దానిని తేల్చుటకు ప్రయత్నము జరిగిన స్థలము లండను కాదు, ఎడింబరో కాదు. అది మన హైదరాబాదు.

హైదరాబాదులో 1846వ సంవత్సరముననే వైద్యపాఠశాల నెలకొల్పబడెను. బోస్టనులో మోర్టను ఈథరును ప్రయోగించిన సంవత్సరము కూడ అదియే. ఆ పాఠశాలలో తొలుత ఉర్దూ భాషలో బోధన జరుగుచుండెను. 1885లో ఎడ్వర్డు లారీ అను ఆంగ్లవైద్యుడు రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదునకు వచ్చి పాఠశాల బాధ్యత వహించెను. అతడు ఎడింబరోలో విద్య నభ్యసించినవాడు, అచటి గురువుల మతమునందు దృఢవిశ్వాసము గలవాడు. స్త్రీలు వైద్యవిద్య నేర్చుట అరుదైన ఆ దినములలో అతడు పాఠశాల ద్వారములు వారికి తెరిపించెను. 1885లో ఐదుగురు యువతులు అందు ప్రవేశించిరి. వారిలో ఒకరు రూపాబాయి.

రూపాబాయి హైదరాబాదులోని పారసీ కుటుంబమున జన్మించెను. నాడు మన దేశమున ఉన్నతవర్గముల స్త్రీలలో పలువురు ఘోషాలో నుండిరి. పురుషుల నడుమ కూర్చుండి శరీరశాస్త్రము చదువుట, శవపరీక్షలను చూచుట, శస్త్రచికిత్సాగారమున నిలుచుట ఒక యువతికి సామాన్య విషయములు కావు. రూపాబాయి ఆ విద్యను పట్టుదలతో అభ్యసించి, 1889లో హకీము పట్టము పొందెను.

ఆమె విద్యార్థినిగా నుండిన దినములలోనే వైద్యపాఠశాలలో గొప్ప పరిశోధన ఆరంభమయ్యెను. లారీ 1888లో క్లోరోఫారమును గూర్చి విచారించుటకు ఒక సంఘమును ఏర్పాటు చేసెను. మందు మితిమీరినపుడు మొదట ఆగునది శ్వాసయేగాని గుండె కాదని ఆ సంఘము తేల్చెను. లండనులోని ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్ ఈ నిర్ణయమును అంగీకరింపలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను వేయి పౌనుల ధనమిచ్చి, ఆ పత్రిక తన ప్రతినిధిని పంపి స్వయముగా పరీక్షింపవలసినదని కోరెను. ఆ ప్రకారము సుప్రసిద్ధ వైద్యశాస్త్రజ్ఞుడు లాడర్ బ్రంటను 1889లో ఓడ ప్రయాణము చేసి హైదరాబాదు చేరెను. రెండవ సంఘము కుక్కలు, కోతులు మొదలగు వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపెను. రక్తపు ఒత్తిడిని, శ్వాసను యంత్రములు కాగితముపై గీతలుగా గీయుచుండగా ఆ గీతలను పరిశీలించిరి. బ్రంటను తొలుత భిన్నాభిప్రాయము గలవాడయ్యును, చివరకు లారీ పక్షమునే సమర్థించెను.

అదే 1889వ సంవత్సరమున నిజాము రాజ్యమున మరియొక ఘట్టము జరిగెను. ఇల్లెందు ప్రాంతమున డాక్టరు కింగ్ 1871లో కనుగొనిన బొగ్గును త్రవ్వి తీయుట ఆరంభమయ్యెను. అదియే నేటి సింగరేణి గనులకు మొదలు. ఒకవైపు భూగర్భమున మానవుడు అపాయకరమైన క్రొత్త వృత్తిలో ప్రవేశించుచుండగా, మరియొకవైపు గాయపడినవానికి బాధ తెలియకుండ చికిత్స చేయు విద్య రాజధానిలో అభివృద్ధి చెందుచుండెను.

రూపాబాయి ఈ క్లోరోఫారము పరిశోధనలలో పాల్గొని, మత్తుమందు నిచ్చుటలో నైపుణ్యము సంపాదించెను. అది చూచుటకు సులభముగా కనబడినను మిక్కిలి బాధ్యత గల పని. హైదరాబాదు పద్ధతిలో ఒక శంఖాకారపు తొడుగు లోపల దూదిని ఉంచి, దానిపై క్లోరోఫారము చిలుకరించి రోగి ముఖము దగ్గర పట్టుకొనుచుండిరి. తొడుగు ముఖమునకు బిగియ నొత్తరాదు. మందుతోపాటు గాలి ధారాళముగా లోపలికి పోవలెను. రోగి ఊపిరి బిగపట్టి, పిదప ఒక్కసారిగా గట్టిగా పీల్చినచో మందు మితిమీరి లోపలికి పోవును. కావున మత్తు నిచ్చువారి చూపు రోగి రొమ్మును, శ్వాసను విడువరాదు. శస్త్రచికిత్స యెంత వింతగా జరుగుచున్నను వారు అటు చూడరాదు. కత్తి పట్టినవాని పేరు లోకమునకు తెలియును. రోగి తలవైపు నిలిచి, క్షణక్షణము అతని ఊపిరిని కాపాడువారి పేరు ఎవరికిని తెలియదు. రూపాబాయి అట్టి అజ్ఞాతసేవనే తన వృత్తిగా స్వీకరించెను.

పట్టభద్రురాలైన పిదప ఆమె రెసిడెన్సీ ఆస్పత్రిలోను, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలోను, అనంతరము స్త్రీలకై నెలకొల్పబడిన విక్టోరియా జనానా ఆస్పత్రిలోను పనిచేసెను. ఘోషా స్త్రీలకు పరపురుషుని యెదుట చికిత్స పొందుట మరణముతో సమానముగా తోచుచుండెను. ముఖమునకు గుడ్డ కప్పి స్పృహ తప్పించెదరనగానే వారి భయము పెరుగుట సహజము. అట్టివారి తలవైపు ఒక స్త్రీ నిలిచియుండుట ఎంతటి ఊరట!

భయపడిన రోగికి నెమ్మది కలిగించుట మంచి మర్యాద మాత్రమే యని ఆనాటివారు తలచిరి. అది ప్రాణరక్షణోపాయమని పిమ్మట తెలిసెను. 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు ఒక సత్యమును బయటపెట్టెను. మనము భయపడినపుడు మూత్రపిండములపై నున్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును, చేతులు చల్లబడును, నోరు ఎండును. పారిపోవుటకో పోరాడుటకో శరీరము సిద్ధమగు విధానమిది. కాని క్లోరోఫారము కొలదిగా పీల్చిన స్థితిలో ఈ రసము రక్తమున హెచ్చినచో గుండె లయ తప్పి, వణకి, హఠాత్తుగా ఆగిపోవచ్చును. పన్ను పీకించుకొన వచ్చి, కుర్చీలో కూర్చుండి, భయముతో వణకుచు, కొద్ది మత్తులోనే నున్న ఆరోగ్యవంతులు మరణించుటకు గల కారణము ఇట్లు తెలియవచ్చెను. లారీ పక్షము పూర్తిగా సత్యము కాదనియు, గుండెకు సైతము ప్రమాదము కలదనియు స్థిరపడెను. ఐనను శ్వాసను కనిపెట్టుడని హైదరాబాదు చేసిన బోధ వ్యర్థము కాలేదు. నేటి శస్త్రచికిత్సాగారములలో యంత్రములు గుండెను, రక్తపు ఒత్తిడిని, శ్వాసను మూడింటిని ఏకకాలమున కనిపెట్టుచున్నవి. రెండు పక్షముల సత్యములును అందు కలిసినవి.

ఈ వివాదములు సాగుచున్న కాలమున రూపాబాయి తాను నేర్చినదే చాలునని కూర్చుండలేదు. 1908 సెప్టెంబరు నెలలో మూసీనదికి మహాప్రళయమువంటి వరద వచ్చి, వేలకొలది జనులను బలిగొనెను. నదీతీరమున నున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ధ్వంసమయ్యెను. మరుసటి సంవత్సరమున, అనగా 1909లో, రూపాబాయి సముద్రములు దాటి ఎడింబరో నగరమునకు వెళ్లెను. అప్పటికి ఆమె వైద్యవృత్తిలో ప్రవేశించి ఇరువది సంవత్సరములు గడచెను. మత్తువైద్యమునకు ప్రత్యేకమైన పట్టము ఆనాడు లేనందున, ఆమె భౌతికశాస్త్ర రసాయనశాస్త్రములను అభ్యసించి ఆ విషయములలో యోగ్యతాపత్రము పొందెను. ద్రవము వాయువుగా నెట్లు మారునో, వెచ్చదనమునకు ఆవిరి యెట్లు హెచ్చునో, ఏ పాలున గాలితో కలియునో తెలియనివారు మత్తుమందును సురక్షితముగా నీయజాలరు. చేయి తిరిగిన వైద్యురాలయ్యును, తన వృత్తికి మూలమైన శాస్త్రములను నేర్చుటకు మరల విద్యార్థినియై బల్లపై కూర్చుండుట ఆమె గొప్పతనమునకు నిదర్శనము.

స్వదేశమునకు వచ్చిన పిదప ఆమె మరల హైదరాబాదు రోగుల సేవలో నిమగ్నురాలయ్యెను. చాదర్‌ఘాట్ ఆస్పత్రి పర్యవేక్షకురాలిగా నుండి 1920లో ఉద్యోగవిరమణ చేసెను. ఆమె చదివిన పాఠశాల ఉస్మానియా వైద్యకళాశాలగా వృద్ధిచెందెను. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి స్థానమున ఉస్మానియా ఆస్పత్రి వెలసెను. సింగరేణి సంస్థ ధనసహాయముతో 2022లో రామగుండమున వైద్యకళాశాల ఆరంభమై, గని కార్మికుల బిడ్డలకు ఆ విద్య చేరువయ్యెను.

క్లోరోఫారము కాలము గడచినది. దానికంటె సురక్షితములైన మందులు వచ్చినవి. పంటి చికిత్సకు రోగిని నిద్రపుచ్చవలసిన అవసరమే సాధారణముగా లేదు. 1884లో వియన్నా నగరమున కోలరు అను వైద్యుడు కంటిలో మందు వేసి, ఆ భాగమును మాత్రమే మొద్దుబరచి శస్త్రచికిత్స చేయవచ్చునని చూపెను. తరువాత 1905 ప్రాంతమున ప్రొకెయిను, 1943లో స్వీడనున లిడొకెయిను సిద్ధమయ్యెను. ఈ మందును చిగురు ప్రక్కన సూదితో ఎక్కించినచో, నొప్పి వార్తను మెదడునకు చేరవేయు నాడి కొంతసేపు మూగవోవును. రోగి మెలకువగా నుండును, వైద్యుని మాట వినును, నొక్కుచున్నట్లు తెలిసికొనును, కాని నొప్పి నెరుగడు. కొన్ని గంటలలో ఆ మొద్దుదనము తనంత తానే పోవును.

ఐనను భయము పూర్తిగా పోలేదు. గోదావరిఖని, రామగుండము పట్టణములలో వందలాది అడుగుల లోతున గనిలోనికి నిర్భయముగా దిగు కార్మికులు కలరు. వారిలో సైతము దంతవైద్యుని కుర్చీని చూచి వెనుదిరుగువారు లేకపోలేదు. దీనికి కారణము పిరికితనము కాదు. గనిలో అతనికి తెలియనిది లేదు. పని మొదలిడకముందు సర్దారు పైకప్పును తట్టి, ఆ ధ్వనినిబట్టి రాయి గట్టిదియో వదులైనదియో చెప్పును. విషవాయువు కలదేమో పరీక్షించును. ఎటు పోవలెనో, ఆపద వచ్చినపుడు ఎటు వెలువడవలెనో కార్మికుడెరుగును. తెలిసియుండుటయే అతని ధైర్యము. దంతవైద్యుని కుర్చీలోనో, కన్నులు పైకప్పును చూచుచుండును, నోరు తెరచియున్నందున మాట రాదు, చేయబోవునది కనబడదు. తెలియనిది, తన వశములో లేనిది కనుకనే భయము కలుగును.

ఉత్తమ దంతవైద్యులు ఈ రహస్యము నెరుగుదురు. వారు చేయబోవుదానిని ముందుగా సులభమైన మాటలలో చెప్పుదురు, పనిముట్టును చూపుదురు, పిదప చేయుదురు. బాధ కలిగినచో చేయి ఎత్తవలసినదని చెప్పి, ఎత్తిన వెంటనే ఆపుదురు. మందును తొందరపడక మెల్లగా ఎక్కింతురు. ముక్కుతో నిదానముగా గాలి పీల్చి విడువుమని రోగికి నేర్పుదురు. శ్వాస నెమ్మదించినచో గుండె నెమ్మదించును, గుండె నెమ్మదించినచో మనస్సును కుదుటపడును. రోగులును తమ భయమును దాచుకొనక మొదటనే వైద్యునికి చెప్పుకొనవలెను. నొప్పి చిన్నదిగా నున్నపుడే వెళ్లినచో చికిత్సయు చిన్నదగును. ఇక పెద్దలు పిల్లల నల్లరి మాన్పుటకు డాక్టరు సూది వేయునని బెదిరించుట తగదు. ఆ బెదిరింపు ఆ బిడ్డ హృదయమున నాటుకొని, పెరిగి పెద్దయైన పిదప సైతము అతనిని వైద్యునికి దూరము చేయును.

రూపాబాయి యుద్ధములు జయింపలేదు, రాజ్యము లేలలేదు. మూడు దశాబ్దములు రోగుల తలవైపు నిలిచి వారి ఊపిరిని లెక్కించెను. ఆమె చేతిమీదుగా నిద్రించి, బాధ నెరుగక మేల్కొనినవారిలో ఎందరికి ఆమె పేరు తెలిసియుండునో చెప్పజాలము. ఇతరుల భయమును తన ఓర్పుతోను, తన విద్యతోను పోగొట్టుటకంటె గొప్ప పరోపకారము లేదు. అట్టి పరోపకారమునకు విద్య అవసరము. ఆ విద్యను ఏ వయస్సునందైనను నేర్చుకొనవచ్చునని ఆమె జీవితము మనకు బోధించుచున్నది.